చెవి మిషన్ పెట్టెలోనే ఉందా?

కోహెడలోనో, శనిగరంలోనో, సముద్రాలలోనో వినికిడి తగ్గిన పెద్దలున్న ఇంటికి వెళ్లి 'చెవి మిషన్ ఉందా పెద్దయ్యా' అని అడిగి చూడండి. ఉందనే జవాబు తరచుగా వస్తుంది. ఏదీ అంటే మాత్రం చెయ్యి చెవి మీదికి పోదు, అల్మారా పైఅర వైపు పోతుంది. అక్కడ బీపీ గోలీల షీటు పక్కన, పాత కరెంటు బిల్లుల కింద చిన్న ప్లాస్టిక్ డబ్బా. ఎందుకు పెట్టుకోవట్లేదంటే చెప్పే మాటలు ఇంచుమించు ఏ ఊళ్లోనైనా ఒకటే. 'పెట్టుకుంటే కుయ్యిమని ఈల ఏస్తది బిడ్డా.' 'పెద్ద సప్పుడైతది, తలకాయ నొస్తది.' 'చెవు దురద పెడ్తది, నీరు కారుతది.' 'సెల్లు అయిపోయింది, యాడ దొర్కుతదో తెల్వది.'

ఇంట్లోవాళ్లు వీటిని ముసలివాళ్ల మొండితనం కింద కొట్టిపారేస్తారు. అది అన్యాయం. ఈల వేస్తోందంటే మిషన్ ఆ చెవికి సరిగ్గా కూర్చోలేదు, లేదా లోపల గులిమి గట్టిపడింది. తల నొస్తోందంటే సౌండు ఆ చెవి భరించే హద్దు దాటింది. నీరు కారుతోందంటే ముందు వైద్యం చేయాల్సిన చెవికి మిషన్ బిగించారు. ఆ నాలుగు మాటలూ జాగ్రత్త ఎక్కడ తప్పిందో చెప్తున్నవే. మిషన్‌ను భద్రంగా వాడడం వేరు, రోజూ వాడడం వేరు అనుకుంటాం. భద్రంగా అమరిన మిషన్‌నే మనిషి రోజూ పెట్టుకుంటాడు. అమరనిది డబ్బాలోకి పోతుంది, దాంతోపాటు ఆ మనిషి కూడా నలుగురు కూర్చున్న అరుగు మీది నుంచి లేచి లోపలికి పోతాడు.

ఈ కోహెడ హైదరాబాద్ శివారులో పండ్ల మార్కెట్ పేరుతో వార్తల్లోకి వచ్చిన కోహెడ కాదు. 2016 అక్టోబరు 11న కరీంనగర్ జిల్లా నుంచి విడిపోయి సిద్దిపేట జిల్లాలో చేరిన మండలం, హుస్నాబాద్ పక్కది. వ్యవసాయం, ఇళ్లలో బీడీలు చుట్టే పని, తాటిచెట్ల గీత, ట్రాక్టర్లు, కోతమిషన్లు. చెవి మిషన్ గురించి కంపెనీలు అచ్చువేసే చిన్న పుస్తకాల్లో ఈ బతుకు కనిపించదు. అందులో బొమ్మలన్నీ సోఫాలో కూర్చుని పేపరు చదువుకునే తాతయ్యలవే. అందుకే ఈ కథనం కోహెడ లాంటి ఊరిని ముందు పెట్టుకుని రాస్తున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన వినికిడి నివేదిక ప్రకారం ప్రపంచంలో 43 కోట్ల మందికి పైగా వినికిడి లోపానికి చికిత్సో, సాయమో కావాలి. మిషన్ వల్ల మేలు జరిగేవాళ్లలో దాన్ని నిజంగా వాడుతున్నవాళ్లు నూటికి సుమారు 17 మందే. మన దేశంలో 2011 జనగణన వినికిడి వైకల్యం ఉన్నవాళ్లను 50 లక్షల పైచిలుకుగా లెక్కేసింది. వయసుతో మెల్లగా చెవి మందగించినవాళ్లలో చాలామంది తమను ఆ లెక్కలో చెప్పుకోరు గనక అసలు సంఖ్య అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.

గోలీల పక్కన సెల్లులు

అల్మారాలో ఆ డబ్బా ఎక్కడుందో మళ్లీ చూడండి. బీపీ గోలీల పక్కన. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అక్కడే ఉంది, దాని గురించి చెప్పేవాళ్లు మాత్రం తక్కువ.

చెవి వెనక పెట్టుకునే మిషన్లలో వాడే గుండీ సెల్లులు జింక్-ఎయిర్ రకానివి. సైజును బట్టి వాటి స్టిక్కరుకు రంగు ఉంటుంది: 10 నంబరుకు పసుపు, 312కు గోధుమ రంగు, 13కు నారింజ, 675కు నీలం. వీటిలో పెద్దదైన 675 కూడా అడ్డం 11.6 మిల్లీమీటర్లే. 312, 13 సైజులు 8 మిల్లీమీటర్ల లోపు. అంటే రోజూ మింగే గోలీ అంత. చూపు కూడా మందగించిన పెద్దవాళ్లు పొద్దున్నే గోలీలనుకుని సెల్లును నోట్లో వేసుకోవడం కొత్తేమీ కాదు. అమెరికాలో సెల్లులు మింగిన కేసులను దశాబ్దాలుగా నమోదు చేస్తున్న విష సమాచార కేంద్రం ఈ పొరపాటు గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. కాబట్టి గోలీలు ఒక చోట, సెల్లులు మరో చోట ఉండాలి. కొత్త సెల్లును అరచేతిలో పెట్టుకుని, అదే చేత్తో మంచినీళ్ల గ్లాసు అందుకునే అలవాటు అస్సలు వద్దు.

పిల్లల సంగతి ఇంకా తీవ్రమైనది. మెరిసే చిన్న బిళ్ల కింద పడితే పసివాడు ఏం చేస్తాడో చెప్పక్కర్లేదు. నోట్లో, ముక్కులో, చెవిలో, ఎక్కడైనా పెట్టేస్తాడు. తడిగా ఉన్న కండకు సెల్లు ఆనగానే కరెంటు పారడం మొదలవుతుంది. అక్కడి తేమ విడిపోయి సెల్లు రుణధ్రువం దగ్గర గాఢమైన క్షారం పుడుతుంది, అది కండను కాల్చేస్తుంది. కాబట్టి అయిపోయిందని పడేసిన సెల్లు కూడా క్షేమం కాదు, మిషన్‌ను నడపలేని సెల్లులో సైతం అంతపని చేసే శక్తి మిగిలి ఉంటుంది. ముక్కులో ఇరుక్కుంటే కొన్ని గంటల్లోనే రెండు రంధ్రాల మధ్య గోడకు చిల్లు పడవచ్చు. చెవిలో పడితే కర్ణభేరి దెబ్బతింటుంది.

అప్పుడు ఇంట్లో చేసే పనులే ఎక్కువ కీడు చేస్తాయి. ముక్కులోనో చెవిలోనో సెల్లు పడిందని అనుమానం వస్తే చుక్కల మందు, నూనె, నీళ్లు, ఏవీ పోయకూడదు. తడి తగిలేకొద్దీ కాలడం ఎక్కువవుతుంది. పిన్నీసుతో తీయబోతే అది ఇంకా లోపలికి పోతుంది. మింగాడని తెలిస్తే మన దగ్గర అరటిపండు పెట్టి కిందికి దిగుతుందని చూస్తారు, లేదంటే గొంతులో వేలు పెట్టి కక్కించబోతారు. రెండూ వద్దు. చెవి మిషన్ సెల్లులు చిన్నవి గనక తరచుగా కడుపులోకి జారి వాటంతటవే బయటికి వచ్చేస్తాయి, నిజమే. అయితే అది గొంతులో ఆగిందా, కడుపులోకి దిగిందా అన్నది ఎక్స్‌రే చెప్పాలి, మనం కాదు. రిమోట్లలో, ఆటబొమ్మల్లో ఉండే 20 మిల్లీమీటర్ల లిథియం సెల్లయితే ఆహారనాళాన్ని రెండు గంటల్లోనే దారుణంగా కాల్చేస్తుంది. పిల్లవాడు మింగింది వాటిలో ఏదో ఆ కంగారులో మనకు తెలియదు కదా. వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి, వీలైతే అలాంటిదే ఇంకో సెల్లునో, ఖాళీ ప్యాకెట్‌నో వెంట పట్టుకెళ్లాలి.

సెల్లుల వాడకంలో చిన్న కిటుకులున్నాయి. జింక్-ఎయిర్ సెల్లు గాలి పీల్చుకుంటేనే పనిచేస్తుంది. స్టిక్కరు తీశాక ఒకటి రెండు నిమిషాలు బయట ఉంచి ఆ తర్వాత మిషన్‌లో వేయాలి. స్టిక్కరు మళ్లీ అంటించినా ఆయుష్షు ఆగదు కాబట్టి ముందే తీసి పెట్టుకోవద్దు. రాత్రి మిషన్ తీశాక సెల్లు తలుపు తెరిచి ఉంచితే చెమట తడి ఆరుతుంది, సెల్లూ ఆదా అవుతుంది. పిల్లలున్న ఇంట్లో మాత్రం అలా తెరిచిన మిషన్ మూత బిగిసే డబ్బాలో, ఎత్తున ఉండాలి. పాత జేబు మిషన్లకు పెన్సిల్ సెల్లులు పడతాయి. అవి ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి, గోడ గడియారంలోంచి తీసైనా వేసుకోవచ్చు. ఆ ఒక్క సౌకర్యం కోసమే జేబు మిషన్‌ను వదలని పెద్దవాళ్లున్నారు. వాళ్ల లెక్క తప్పని అనలేం. ఛార్జింగ్ మిషన్లయితే సెల్లు మార్చే బాధ లేదు. వాటిని మాత్రం ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద, పొయ్యి గట్టు మీద పెట్టొద్దు. లోపల ఉన్నది లిథియం, వేడికి ఓర్చుకోదు.

ఒకరి మిషన్ ఇంకొకరికి

తాత పోయాడు, ఆయన మిషన్ నానమ్మకు పెట్టారు. బావమరిదికి సర్కారు క్యాంపులో వచ్చింది, ఆయన పెట్టుకోవట్లేదని అన్న తెచ్చుకున్నాడు. వస్తువు వృథా పోకూడదన్న మంచి బుద్ధే ఇది. కానీ చెవి మిషన్‌లోంచి వచ్చే సౌండు మందు డోసు లాంటిది. ఒకరికి రాసిన డోసు మరొకరికి విషమవుతుంది.

కొంచెం లెక్క చూద్దాం. శబ్దాన్ని కొలిచే డెసిబెల్ మామూలు గజం బద్ద కాదు. 10 డెసిబెళ్లు పెరిగితే శబ్ద తీవ్రత పదింతలవుతుంది, 20 పెరిగితే నూరింతలు. 85 డెసిబెళ్ల చప్పుడులో రోజుకు 8 గంటలకు మించి ఉండొద్దంటారు. 100 డెసిబెళ్లయితే 15 నిమిషాలకే చెవి మీద భారం పడుతుంది. బాగా ముదిరిన చెవుడు కోసం తయారైన పవర్ మిషన్ 130 డెసిబెళ్ల పైదాకా కొట్టగలదు. కొద్దిగా మాత్రమే మందగించిన చెవికి అలాంటి మిషన్ బిగిస్తే ఉన్న వినికిడి కూడా పోతుంది.

ఇంకో చిక్కుంది. వినికిడి తగ్గిన చెవికి చిన్న శబ్దం వినిపించదు గానీ పెద్ద శబ్దం మామూలు చెవికి ఎంత బాధిస్తుందో దానికీ అంతే బాధిస్తుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇది ప్రతి ఇంట్లో రోజూ జరిగే మాటామంతే.

'నాయినా, అన్నం తిందువు రా.'

'ఏమంటున్నవ్‌రా?'

'అన్నం తిందువు రమ్మంటున్నా!'

'గట్ల ఒర్రుతవేందిరా, నేనేమన్న చెవిటోన్నా?'

కొడుకుకు కోపం, తండ్రికి అవమానం. నిజానికి ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. వినిపించే హద్దుకూ నొచ్చే హద్దుకూ మధ్య సందు ఆ చెవిలో ఇరుకైపోయింది. మెల్లటి మాటను ఎత్తి, పెద్ద చప్పుడును అణచి, అన్నిటినీ ఆ ఇరుకు సందులో పట్టించడమే మంచి డిజిటల్ మిషన్ పని. ఆ సందు ఎంతో తెలియాలంటే పరీక్ష చేయాలి. చప్పుడు చొరబడని గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి, ఒక్కో స్వరానికి ఎంత మెల్లటి శబ్దం వినపడుతుందో చూసి ఆడియోగ్రామ్ గీస్తారు. అందులో ఎర్ర సున్నాలు కుడిచెవివి, నీలం ఇంటూ గుర్తులు ఎడమచెవివి. మిషన్ల మీద ఉండే చుక్కకు కూడా ఇదే రంగు: ఎరుపు కుడికి, నీలం ఎడమకు. ఇంట్లో ఎవరైనా మిషన్ పెట్టడానికి సాయపడుతుంటే ముందు ఈ చుక్క రంగు చూసుకోవాలి.

ఆడియోగ్రామ్ లేకుండా మిషన్ అమ్మేవాళ్ల దగ్గర కొనొద్దు. ఫోన్‌లో ఆర్డరిస్తే కొన్ని వందలకే వచ్చేవి నిజానికి అన్ని శబ్దాలనూ ఒకే తీరుగా పెంచి పారేసే డబ్బాలు. చెవులు పరీక్షించి మిషన్ సర్దే ఆడియాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలని 1992 నాటి చట్టం చెప్తోంది. ఆ నంబరు అడగడం మన హక్కు, అడిగితే మంచి ఆడియాలజిస్టు నొచ్చుకోరు.

డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న బిడ్డలు ఈమధ్య నాన్నకు మిషన్ కొని పంపుతున్నారు. అమెరికాలో 2022 అక్టోబరు 17 నుంచి డాక్టర్ చీటీ లేకుండానే కొన్ని రకాల మిషన్లు దుకాణాల్లో అమ్ముతున్నారు. ప్రేమతో పంపేదే, కాదనలేం. అయితే అక్కడి నిబంధన ప్రకారం అవి 18 ఏళ్లు దాటినవాళ్లకు, అది కూడా కొద్దిపాటి నుంచి మధ్యస్థం వరకు ఉన్న లోపానికే. వాటి గరిష్ఠ సౌండుకు హద్దు పెట్టారు. చెవుడు ముదిరిన తండ్రికి అది చాలదు. పైగా ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ లేకపోతే కరీంనగర్‌లో ఆడియాలజిస్టు దాన్ని సర్దలేరు. పంపే ముందు ఇక్కడి ఆడియోగ్రామ్ ఫొటో ఒకటి తెప్పించుకుని అక్కడ చూపించి కొంటే డబ్బూ దక్కుతుంది, చెవీ దక్కుతుంది.

ముందు చెవి, తర్వాతే మిషన్

చెవిలో వేడి నూనె పోయడం, కోడి ఈకతోనో పిన్నీసుతోనో గులిమి తీయడం మన ఊళ్లలో తరతరాల అలవాటు. గులిమి మలినం కాదు, చెవి తన కాపలా కోసం తయారుచేసుకునేది. తనంతట తానే బయటికి వస్తుంది. మిషన్ పెట్టుకునేవాళ్లలో మాత్రం చెవి ఆకారంలో పోసిన అచ్చు అడ్డుపడి అది లోపలే పేరుకుపోతుంది. లోపలికి పోవాల్సిన శబ్దం దానికి తగిలి వెనక్కి తిరిగి మైకులో పడుతుంది, ఈల మొదలవుతుంది. అప్పుడు సౌండు పెంచుతారు, ఈల ఇంకా పెరుగుతుంది. కొన్ని నెలలకోసారి చెవి చూపించుకుని గులిమి తీయించుకుంటే పోయేదానికి మిషన్ చెడిపోయిందని డబ్బాలో పెట్టేస్తారు. ఆగిపోయిన మిషన్‌లో తరచుగా కనిపించేది కూడా సౌండు వచ్చే చిన్న రంధ్రంలో ఇరుక్కున్న గులిమే. మిషన్‌తో ఇచ్చిన చిన్న బ్రష్షుతో, రంధ్రం కిందివైపు ఉండేట్టు పట్టుకుని పొడిగా దులిపితే చాలు. నీళ్లు, స్పిరిట్ తగలొద్దు. అచ్చును మాత్రం మిషన్ నుంచి విడదీసి గోరువెచ్చటి సబ్బునీళ్లలో కడిగి, గొట్టంలో తడి లేకుండా ఊది ఆరబెట్టాలి. చెవిలో నూనె పోసుకునే అలవాటును మిషన్ వచ్చిన రోజే మానుకోవాలి.

చీము కారుతున్న చెవికి మిషన్ పెట్టడం పెద్ద తప్పు. అచ్చు గాలిని మూసేస్తుంది, లోపల తేమ పెరుగుతుంది, చీము ముదురుతుంది. కర్ణభేరికి చిల్లు ఉంటే ముందు ఈఎన్‌టీ డాక్టరు చూడాలి. షుగర్ ఉన్న పెద్దవాళ్లయితే చెవి నొప్పిని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. రాత్రి నిద్ర పట్టనివ్వనంత పోటు ఉంటే అది ఎముకదాకా పాకే ఇన్ఫెక్షన్ కావచ్చు, ప్రాణం మీదికి తెస్తుంది. మిషన్ తీసేసి ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. నిన్నటిదాకా బాగా వినపడిన చెవి ఒక్కసారిగా, లేదా రెండు మూడు రోజుల్లో మూగబోతే దానికి మిషన్ కొనడం కాదు చేయాల్సింది. జలుబు దిగిందిలే, గులిమి అడ్డుపడిందిలే అని వారాలు గడుపుతారు. అకస్మాత్తుగా పోయిన వినికిడికి స్టెరాయిడ్ మందులు పనిచేసే అవకాశం మొదటి రెండు వారాల్లోనే ఎక్కువ. ఆ గడువు దాటితే తిరిగి వచ్చే చెవిని కూడా శాశ్వతంగా పోగొట్టుకోవచ్చు. ఒక్క చెవే తగ్గడం, కళ్లు తిరగడం, ఒకవైపే హోరు వినిపించడం ఉన్నా మిషన్ దుకాణానికి కాదు, డాక్టరు దగ్గరికే.

పొలం, బీడీల చాట, బరాత్

నాట్లప్పుడు వంగి పనిచేసే మనిషికి చెమటే మొదటి శత్రువు. చెవి వెనక మిషన్ ఉన్న చోటే చెమట కాలువ కడుతుంది. రాత్రి పడుకునే ముందు పొడి గుడ్డతో తుడిచి, సిలికా గుళికలున్న డబ్బాలో పెట్టాలి. రంగు మారే రకం గుళికలైతే రంగు మారిందంటే అవి తేమ పట్టేశాయి, ఇక పనిచేయవు. బియ్యం డబ్బాలో పెడితే ఆరుతుందని కొందరంటారు. ఆ తవుడు దుమ్ము మైకు రంధ్రాల్లోకి పోతుంది, ఆ పని వద్దు. తలకు రుమాలు చుట్టేవాళ్లు మిషన్ మైకు మీదికి గుడ్డ రాకుండా చూసుకోవాలి. గుడ్డ కప్పేస్తే రాపిడి గరగర, పైన ఈల. బీడీలు చుట్టే తల్లులు పొగాకు చాట దులిపేటప్పుడు మిషన్ తీసి పక్కన పెట్టుకోవడం మంచిది. చేలో మందు కొట్టేటప్పుడు కూడా అంతే. చెట్టెక్కే గీత కార్మికుడు మిషన్‌కు చిన్న దారం కట్టి చొక్కాకు క్లిప్పు పెట్టుకుంటే జారినా నేల మీద పడదు.

కోతమిషన్, రైస్‌మిల్లు, పెండ్లి బరాత్‌లో డీజే. ఇక్కడ చాలామంది మిషన్ ఆపేసి చెవిలోనే ఉంచుకుంటారు, అడ్డుగా పనికొస్తుందని. ఆపేసిన మిషన్ చెవికి రక్షణ ఇవ్వదు. దాన్ని తీసి, చప్పుడు అడ్డుకునే ప్లగ్గులు గానీ, చెవులు కప్పే మఫ్‌లు గానీ పెట్టుకోవాలి. డీజే బండి పక్కన మిషన్ ఆన్‌లో ఉంచి నిలబడ్డారంటే ఉన్న కాస్త చెవినీ అప్పగించినట్టే.

రోడ్డు మీద మాత్రం దీనికి పూర్తి విరుద్ధంగా ఆలోచించాలి. శనిగరం దగ్గర రాజీవ్ రహదారి దాటే మనిషికి లారీ హారన్ వినపడాలి, ఎటువైపు నుంచి వస్తోందో కూడా తెలియాలి. చప్పుడు ఏ దిక్కుదో మెదడు రెండు చెవుల్లోనూ విన్న తేడాను బట్టి తేల్చుకుంటుంది. రెండు చెవులూ మందగిస్తే వీలైనంతవరకు రెండు వైపులా మిషన్ పెట్టమని ఆడియాలజిస్టులు చెప్పేది అందుకే. 'ఇంట్లో ఎవరితో మాట్లాడేదుంది' అని మిషన్ డబ్బాలో పెట్టి బజారుకు పోయే పెద్దాయన అసలు అవసరమైన చోట చెవి లేకుండా పోతున్నాడు.

స్నానానికి, నిద్రకు తీయాలి. ఎక్స్‌రే, సీటీ స్కాన్ గదుల్లోకి వెళ్లేటప్పుడు తీయాలి. ఎమ్మారై గదిలోకైతే మిషన్‌తో అడుగు పెట్టకూడదు, అక్కడి అయస్కాంతం దాన్ని పాడుచేయడమే కాదు, లాగేస్తుంది కూడా. తలకు నూనె పెట్టుకుని, దువ్వుకుని, పౌడర్ అద్దుకున్నాక చివరగా మిషన్. ఫోన్ మాట్లాడేటప్పుడు చెవి రంధ్రానికి కాదు, చెవి వెనక ఉన్న మిషన్ మైకు దగ్గర ఫోన్ పట్టుకోవాలి. ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్లు లేక 'మిషన్ పెట్టుకుంటే ఫోన్ వినపడదు' అనుకుంటున్నవాళ్లు ఎందరో.

మొదటి నెల

ఏళ్లపాటు నిశ్శబ్దంలో ఉన్న మెదడుకు ఒక్కసారిగా స్టీలు గిన్నెల చప్పుడు, ఫ్యాను హోరు, తన సొంత గొంతు డప్పులో మోగినట్టు. భయపడడం సహజం. మొదటి రోజుల్లో ఇంట్లో, నిమ్మళంగా ఉన్న వేళ, ఒక్కరితో మాట్లాడుతూ గంటో రెండు గంటలో పెట్టుకోవాలి. తర్వాత మెల్లగా పెంచుకుంటూ సంతకు, పెండ్లికి. మనవడు ఎదురుగా కూర్చుని, మొహం కనిపించేలా, అరవకుండా, కాస్త నిదానంగా మాట్లాడితే చాలు. రోజులు గడిచేకొద్దీ మెదడు అక్కర్లేని చప్పుళ్లను వెనక్కి నెట్టడం నేర్చుకుంటుంది. అప్పటికీ నొప్పి, పుండు, తలనొప్పి తగ్గకపోతే అది అలవాటు కావాల్సిన బాధ కాదు, సరిచేయాల్సిన తప్పు. అచ్చు అరిగించాలి, లేదా సౌండు సర్దాలి.

ఇంత శ్రమ దేనికంటే, మెదడు కోసం కూడా. 2023లో లాన్సెట్‌లో వచ్చిన అమెరికా పరీక్షలో, మతిమరుపు ముప్పు ఎక్కువగా ఉన్న పెద్దవాళ్లకు మూడేళ్లపాటు మిషన్లు ఇచ్చి చూసుకుంటే ఆలోచనాశక్తి తగ్గడం 48 శాతం నెమ్మదించింది. ముప్పు తక్కువ ఉన్నవాళ్లలో అంత తేడా కనిపించలేదు. మరో సంగతి, వాళ్లకు మిషన్ ఒక్కటే చేతికిచ్చి పంపలేదు. ఆడియాలజిస్టు మళ్లీ మళ్లీ కలిశారు.

పిల్లల్లో ఈ లెక్కంతా ఇంకా తొందరది. పుట్టిన నెలలోపు పరీక్ష, మూడో నెలకు నిర్ధారణ, ఆరో నెలకల్లా మిషన్ అన్నది ప్రపంచమంతా పాటించే వరుస. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే లోపాల్లో పుట్టుచెవుడు కూడా ఉంది. అంగన్‌వాడీకి ఆ బృందం వచ్చినప్పుడు అడగాలి. పిల్లల మిషన్‌కు సెల్లు తలుపు తాళంతో రావాలి. చెవి పెరుగుతుంది గనక అచ్చును కొన్ని నెలలకోసారి కొత్తగా పోయించాలి. మిషన్‌తో కూడా మాట అందనంత చెవుడుంటే కాక్లియర్ ఇంప్లాంట్ ఆరోగ్యశ్రీలో ఉంది.

ఇచ్చినవాళ్లు మళ్లీ రావాలి

మిషన్లు ఇవ్వడంలో సర్కార్లకు లోటు చేయాలని లేదు. వికలాంగులకు ఉపకరణాలిచ్చే ఆదిప్ పథకం 1981 నుంచి ఉంది. 1972లో ఏర్పడిన కాన్పూర్‌లోని అలిమ్‌కో ఈ ఉపకరణాలు తయారుచేస్తోంది. పేద వృద్ధుల కోసం రాష్ట్రీయ వయోశ్రీ యోజన మొదలైంది మన తెలుగు నేల మీదే, 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలో. కళ్లద్దాలు, చేతికర్రలు, పళ్లసెట్లతోపాటు చెవి మిషన్లూ అందులో ఉన్నాయి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కళ్లు పరీక్షించి అద్దాలిచ్చే కంటి వెలుగు మొదలై ఊరూరా తిరిగింది. కళ్లద్దాలు పెట్టుకున్న క్షణమే అక్షరం కనిపిస్తుంది, ఆ తర్వాత డాక్టరు అవసరం పెద్దగా ఉండదు. చెవి మిషన్‌కు పని మొదలయ్యేదే ఇచ్చిన తర్వాత. క్యాంపులో మిషన్ తీసుకున్న మనిషి నెలకు ఒకసారి, ఆ తర్వాత ఆర్నెల్లకోసారి ఎవరికి చూపించుకోవాలి? సెల్లు ఎక్కడ కొనాలి? అచ్చు ఎవరు పోస్తారు? ఈ మూడింటికీ ఊళ్లో జవాబు ఉంటే డబ్బాలు అల్మారాల్లో మిగలవు.

పెద్ద చోట్లు ఉన్నాయి. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం. హైదరాబాద్ బిడ్డ, ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా చేసిన అలీ యావర్ జంగ్ పేరు ఆ సంస్థకు 1983లో పెట్టారు. సిద్దిపేటలో 2018 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. కానీ సెల్లు కోసమో, ఈల పోగొట్టుకోవడానికో పనికి పోయే మనిషి ఒక రోజు కూలీ వదులుకుని బస్సెక్కి పోవాలంటే పోడు. నెలలో ఒక రోజు ఆడియాలజిస్టు కోహెడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రావాలి. మందుల గదిలో 13, 675 నంబరు సెల్లులు ఉండాలి. బీపీ, షుగర్ చూడడానికి ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త పుస్తకంలో 'మిషన్ పెట్టుకుంటున్నారా, లేదంటే ఎందుకు' అన్న గడి ఒకటి చేరాలి. ఇవి కోట్లు కావాల్సిన పనులు కావు.

అప్పటిదాకా ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఉంది. ఈ ఆదివారం ఆ డబ్బా కిందికి దించండి. కొత్త సెల్లు వేసి చూడండి, రంధ్రం దులపండి. అప్పటికీ పలకకపోతే, లేదా ఈల ఆగకపోతే మిషన్, పాత ఆడియోగ్రామ్, సదరం (వైకల్య) సర్టిఫికెట్ సంచిలో వేసుకుని పెద్దాయనను వెంటబెట్టుకుని వెళ్లండి. డాక్టరు ముందు మీరు మాట్లాడకండి, ఆయననే చెప్పనివ్వండి: ఎక్కడ నొస్తుంది, ఏ చప్పుడు భరించలేకపోతున్నాడు, ఎవరి గొంతు వినాలనుకుంటున్నాడు. ఆడియాలజిస్టు మిషన్‌ను సర్దేది ఆ మాటలను బట్టే.